వైద్యం బాకీకి బర్రెను తోలుకపోవద్దు

పాడి రైతులారా, గొల్లకురుమ అన్నదమ్ములారా, పశువైద్యులారా!

చిటుకు రోగం తగిలిన గొర్రె పొద్దున మేసి, సాయంత్రానికి పడిపోతది. ఈత కష్టమైన బర్రె తెల్లారేదాకా ఆగదు. సర్కారు పశువుల దవాఖాన ఉంది, 1962కు ఫోన్ చేస్తే వచ్చే బండీ ఉంది. అయినా దేవరకొండ, మునుగోడు, అచ్చంపేట దిక్కు అర్ధరాత్రి ఆపదొస్తే ప్రైవేటు డాక్టరును పిలుస్తం, మందులు ఉద్దెరకు తెస్తం. పాలబిల్లు పడంగనే ఇస్తమంటం. ఆ బిల్లు ఆగితే బాకీ నిలుస్తది. ఇగ రైతు ఫోన్ ఎత్తడు, డాక్టరు మళ్ల పిలిస్తే రాడు. "పైసలిచ్చేదాకా బర్రెను తోలుకపో" అనే పెద్దమనుషులూ ఉంటరు.

ఆ మాట చెల్లదు. తనకు అప్పగించిన సొమ్ము మీద పనిచేసినోడు మజూరీ ముట్టేదాకా దాన్ని ఉంచుకోవచ్చని 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ చెప్తది. పట్నంలో క్లినిక్‌లో చేర్పించిన కుక్క విషయంలో ఈ వాదన నిలబడొచ్చు. మన కొట్టంల ఉన్న బర్రెను డాక్టరుకు ఎవరు అప్పగించిండ్రు? సూదేసి ఆయన బండెక్కి పోయిండు. తోలుకపోయినా, పశువు ఎవరి చేతిల ఉంటే దాని మంచిచెడ్డలు వాళ్ల పూచీ అని 1960 జంతుహింస నివారణ చట్టం 3వ సెక్షన్ అంటది. డిక్రీ తెచ్చుకున్నా, రైతు బతుకుదెరువుకు అవసరమైన పశువులను సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు కానియ్యదు. కోర్టుకే లేని అధికారం రచ్చబండకు యాడికెళ్లి వచ్చింది?

అట్లని బాకీ ఎగ్గొడుదామా? "బర్రె సచ్చిపాయె, ఇంకెందుకియ్యాలె" అనేటోళ్లు మనలోనే ఉన్నరు. అది అన్యాయం. రాత్రిపూట వచ్చినందుకు, వాడిన మందులకు పైసలు ఇయ్యాల్సిందే. మందుల షాపోడు డాక్టరుకు ఊకెనే ఇయ్యడు కదా! వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందనుకుంటే, ఫీజు తీసుకున్న వైద్యం మీద వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. డాక్టరు కూడా బాకీ కోసం మూడేండ్లలోపు దావా వేయొచ్చు. కానీ రెండు మూడు వేల కోసం కోర్టు మెట్లెక్కితే ఇద్దరికీ నష్టమే.

మేం అడిగేది ఇది. సూదేయకముందే ఫీజు, మందుల అంచనా, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు రాసిన చీటీ ఉండాలె, ఇద్దరూ సంతకాలు పెట్టాలె. పాణం మీదికొస్తే ముందు వైద్యం, తర్వాత చీటీ. పాత బాకీ పేరు చెప్పి ఆ గడియల రాననొద్దు. రైతు రాసిస్తే పాల కేంద్రం పదిహేను రోజుల బిల్లులో నాలుగో వంతుకు మించకుండా పట్టుకొని డాక్టరుకు కట్టాలె. డెయిరీ బిల్లు ఆలస్యమైతే వాయిదా కూడా జరగాలె, వడ్డీ పడొద్దు. పాలు లేని జీవాల కాపరులకు గొర్రెల పెంపకందార్ల సంఘం ముందు కట్టి, గొర్రెపిల్లలు అమ్ముడుపోయినంక వసూలు చేసుకోవాలె. తగాదా తెగకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి; లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేదు, అక్కడి రాజీకి డిక్రీ అంత బలం.

వచ్చే గ్రామసభలో ఈ తీర్మానం పెట్టించండి. ఆ రోజు పాల కేంద్రం సెక్రటరీని, మీ ఊరికి వచ్చే డాక్టరును పిలిచి, అందరి ముందట సంతకాలు తీసుకోండి.