గరిసె నిండిన పిమ్మటనే సంత



గుంటూరు మిరపకాయ యనిన సముద్రముల కావలి దేశములందు సైతము పేరు కలదు. సంక్రాంతి దాటిన పిమ్మట మన సీమలో ఏ త్రోవను పోయినను ఒక ప్రక్క ఎఱ్ఱని కల్లములు, ఒక ప్రక్క తెల్లని ప్రత్తి బోరెములు కన్నుల పండువు గావించును. మిర్చి టిక్కీలతో నిండిన లారీలు గుంటూరు యార్డునకు బారులు తీరును. అయినను ఇంత సంపద పండించు నిండ్లలో అనేకమందు గింజల గరిసె లేదు. బియ్యము అంగడినుండి, కందిపప్పు అంగడినుండి, పాలు పొట్లమునుండి, పశువుల మేత పొరుగూరినుండి వచ్చుచున్నవి. పండినదంతయు అమ్మి, తినునదంతయు కొను సంసారము నిజముగా భాగ్యవంతమైనదా? ఈ ప్రశ్నను మీ యెదుట నుంచుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఇంటి తిండికి కావలసినది మొదట పండించుకొని, మిగిలిన భూమిని సంతకు విడుచుటయే రైతు సంసారమునకు క్షేమకరమని నా యభిప్రాయము.

దీనికి దృష్టాంతము వెదకుటకు దూరము పోనక్కఱలేదు. మన మైదానమునకు పడమట గోడవలె నిలిచియున్న నల్లమల కొండలను చూడుడు. మార్కాపురము, దోర్నాల, యఱ్ఱగొండపాలెము ప్రాంతములందును, పల్నాటిలోని మాచర్ల, వెల్దుర్తి ప్రాంతములందును ఆ యడవుల యంచునను లోపలను చెంచుగూడెములు కలవు. క్రిస్టొఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ అను పండితుడు కృష్ణకు ఉత్తరపు గట్టుననున్న చెంచులతో కలిసి మెలసి తిరిగి, 1943లో వారిని గూర్చి యొక గొప్ప గ్రంథము ప్రకటించెను. అడవియే పొలముగా బ్రతికిన ఆ జనుల సంసారపు లెక్క మనకు మిక్కిలి ఉపయోగకరమైన పాఠము.

చెంచు యింట ప్రధానమైన పనిముట్టు గడ్డలు త్రవ్వుకొను కోల. అడవిగడ్డలు వారికి ముఖ్యాహారము. వేసవి యారంభమున ఇప్పపూవు, తరువాత తునికి పండ్లు, సారపండ్లు, తొలకరి దాటగా నేరేడు, చలికాలమున ఉసిరిక, పిమ్మట చింతపండు. ఇట్లు ఒక్కొక్క ఋతువునకు ఒక్కొక్క ఆహారము కలదు. గుడిసెల దగ్గఱ చిన్న చెలకలలో జొన్నయు, మొక్కజొన్నయు కొంచెము కొంచెము చల్లుకొందురు. కొందఱకు నాలుగు మేకలో, రెండు పశువులో ఉండును. తేనె, కుంకుడుకాయ, తపసిబంక, సారపప్పు మున్నగువానిని సంతకు తెచ్చి ఉప్పు, గుడ్డ, ఇనుప పనిముట్లు కొనుక్కొందురు. తిండిలో నధికభాగము ఇంటిదనియు, సంతకు పోయినది మిగులు మాత్రమే యనియు గమనింపుడు. ఒక యేడు ఇప్పపూవు తప్పిన గడ్డ యుండును. గడ్డ తఱిగిన తేనెయుండును. అన్నియు నొక్కసారి తప్పుట యరుదు.

కొండ చఱియలకు పట్టిన తేనెను దీయునపుడు త్రాటితో క్రిందికి దిగవలెను. ఆ త్రాటిని పట్టుకొనుటకు బావమఱదిని నిలువబెట్టుట వారి యాచారమని చెప్పుదురు. తన చెల్లెలి పసుపుకుంకుమలు ఆ త్రాటిపై వ్రేలాడుచుండగా నతడు చేయి విడువడు గదా! నమ్మకము, చుట్టఱికము అనునవి కూడ సంసారపు లెక్కలో జమకట్టవలసినవే యని దీనివలన తెలియుచున్నది. తేనెపట్టునంతయు పిండక కొంత ఈగలకు విడిచి వచ్చుటయు నట్టిదే; అది రాబోవు యేటి విత్తనము.

ఇట్లు చెప్పినంత మాత్రమున చెంచుల బ్రతుకు పూలపాన్పని తలపరాదు. ఆకలి మాసములు వారికి కలవు. జ్వరములు, శిశుమరణములు, వైద్యము దూరమగుట మున్నగు కష్టములు మెండు. కొండ దిగువ సావుకారుల తూకమున వారు చిరకాలము మోసపోయిరి. 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడి అటవీ వస్తువులను కొనసాగుట ఆ యన్యాయమును కొంత తగ్గించుటకే. అయినను సంత యాశ కొండలకు సైతము ప్రాకినది. తపసిచెట్టును లోతుగా నఱకిన బంక యెక్కువ కాఱును. రెండుమూడేండ్లలో చెట్టు చచ్చును. అట్లు చచ్చిన చెట్లు ఎన్నియో. తరువాత పైపైని చిన్న గాటు పెట్టి, గాయము మానిన పిమ్మట మరల గాటు పెట్టు పద్ధతిని నేర్పవలసి వచ్చెను. 1983లో ఆ యడవి పులుల రక్షణ పథకమున చేరెను. అదే యేట కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. బియ్యము ఆకలిని తీర్చినమాట సత్యమే. కాని గడ్డ త్రవ్వు కోల మూలబడెను, చిఱుధాన్యపు చెలక బీడుపడెను. అడవిపై హక్కును చట్టము 2006లో గుర్తించినను, అడవిలో ఏమి తినవచ్చునో యెఱిగిన ముసలివారు తగ్గిపోవుచున్నారు. అనేక ఆధారములు గల యిల్లు ఒకటి రెండు ఆధారములకు దిగినపుడు ఎంత బలహీనమగునో ఆ కొండలు మనకు చూపుచున్నవి.

ఇక మన మైదానపు మాట. కాలువలు రాకముందు పల్నాటను, ఒంగోలు సీమ మెట్టలందును జొన్నయే యన్నము. నల్లరేగడిలో పాతర త్రవ్వి, వరిగడ్డియో చొప్పయో పఱచి, జొన్నలు పోసి మూసి, రెండు మూడేండ్లయినను దాచుచుండిరి. జొన్నలో కంది సాలు, ప్రత్తిలో కొఱ్ఱ సాలు వేయుచుండిరి. వాన ముందుగా వచ్చిన నొకటి, వెనుకకు జరిగిన నొకటి చేతికి దక్కెడిది. జొన్న మొక్క గింజను మనుష్యునకును, చొప్పను ఒంగోలు గిత్తకును ఇచ్చును. కంది పప్పును ఇచ్చి, కంపను పొయ్యికి ఇచ్చి, ఆకు రాల్చి భూమికి సత్తువ నిచ్చును. మిరప మొక్క యేమి యిచ్చును? రూపాయల నిచ్చును. ధర యున్న నాడు మిక్కిలి యిచ్చును. ధర లేని నాడు కల్లము నిండ మిరపకాయ లున్నను పిల్లవాని కడుపు నిండదు, ఎద్దు నోట గడ్డి పడదు.

పూర్వపు పద్ధతిలో కఱవు లేదా యని మీరడుగవచ్చును. ఉండెను, ఘోరముగా నుండెను. 1832-33 నాటి నందన కఱవున గుంటూరు సీమలోని అయిదు లక్షల జనములో లక్షన్నరకు పైగా మరణించిరని అంచనా. 1876-78 నాటి ధాత కఱవున ఒంగోలునందలి జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు దీసికొని, కూలి యిప్పించి యనేకుల ప్రాణములు నిలిపిరి. వరుసగా వానలు తప్పిన యేండ్లలో పాతరయు ఖాళీయగును. అందుచేతనే 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్టను, 1967లో నీరు విడిచిన నాగార్జునసాగరమును మన పెద్దలు చేతులెత్తి మ్రొక్కిరి. కాలువ నీటిని నిందించువాడు కృతఘ్నుడు. ఆ నీటిని మన మే విధముగా వాడితిమి అనునదే విచారింపవలసిన సంగతి.

సాగరు కుడి కాలువ పాఱినపిమ్మట ప్రత్తియు మిరపయు మన చేలనెల్ల నాక్రమించెను. తొలుత లాభము మెండు. మిద్దెలు లేచెను, పిల్లలు కళాశాలలకు పోయిరి. 1987-88లో ప్రత్తిపై తెల్లదోమ విరుచుకొనిపడెను. పురుగుమందు జల్లినకొలది మిత్రకీటకములు చచ్చి, శత్రుకీటకములు పెరిగెను. గుంటూరు, ప్రకాశము జిల్లాలలో అప్పుల పాలైన రైతులు కొందఱు ప్రాణములు తీసికొనిరి. 2017లో మిరప ధర యెంత పడిపోయెననగా, క్వింటాలు 5,000 రూపాయల ధరకు కొనుటకు కేంద్ర ప్రభుత్వము పూనుకొనవలసి వచ్చెను. 2021-22లో నల్ల తామరపురుగు పూతను తినివేసి పైరును పాడుచేసెను. 2025లో మరల ధర దిగజాఱగా క్వింటాలునకు 11,781 రూపాయలని నిర్ణయింపవలసి వచ్చెను. పురుగు ఒక యేడు, ధర యొక యేడు: ఈ రెంటి నడుమ మన యిండ్లు ఊగులాడుచున్నవి.

విద్యార్థులారా, ఈ లెక్కను మీ పలకమీద వేసి చూడుడు. మిరప సాగునకు ఎకరమునకు పెట్టుబడి లక్ష రూపాయలు దాటును. ఆ లక్షను నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన, పది నెలలకు వడ్డీయే 20,000. కౌలు రైతునకు ముందుగా కౌలు చెల్లింపు అదనము. ఎరువు, మందు ఇచ్చిన వర్తకుని బాకీ తీర్చుటకై ధర యున్నను లేకున్నను కాయ తెగనమ్మవలెను. శీతల గిడ్డంగిలో దాచుకొనగలవాడు ఇంట గింజ యున్నవాడే. గరిసెలో ఏడాది తిండి యున్నచో రైతు వర్తకునితో నిదానముగా బేరమాడగలడు. లేనిచో రేపటి బియ్యమునకై నేడే యమ్మును. కావున గరిసె కడుపును మాత్రమే గాక ధరను కూడ కాపాడుచున్నది.

ఇంకొక లెక్క. అయిదుగురు గల యింట తలకు దినమునకు అరకిలో గింజల చొప్పున సంవత్సరమునకు సుమారు తొమ్మిది క్వింటాళ్లు చాలును. నీటి వసతిగల యొక యెకరము ఈ గింజల నియ్యగలదు. గట్లమీద కంది, పెరటిలో ఆనప, బీర, మునగ, గోంగూర, వాకిట నొక పాడి పశువు చేర్చిన పక్షమున అంగడి ఖర్చు సగమునకు సగము తగ్గును. నాలుగెకరముల రైతు మూడెకరములను మిరపకో, ప్రత్తికో యిచ్చి, ఒక్కదానిని ఇంటికి ఉంచుకొనుట పిఱికితనము కాదు.

రష్యా దేశమున చయానొవ్ అను ఆర్థికశాస్త్రవేత్త 1925లో రైతు సంసారమును గూర్చి యొక గ్రంథము వ్రాసెను. రైతు కుటుంబము కర్మాగారమువలె లాభనష్టములను మాత్రమే చూడదనియు, తినవలసిన నోళ్లను, పాటుపడగల చేతులను సరితూచుకొని పని చేయుననియు నతడు బోధించెను. ఆనాటి ప్రభుత్వమునకు అతని మాటలు రుచింపలేదు. 1937లో నతనిని కాల్చి చంపిరి. దక్షిణ అమెరికాలోని ఆండీసు కొండ రైతులు నేటికిని వేఱువేఱు ఎత్తులలో వేఱువేఱు రకముల ఉర్లగడ్డలను నాటుదురు. ఒక చోట మంచు కురిసి పైరు మాడినను వేఱొక చోట నిలుచును. నల్లమల చెంచు, ఆండీసు రైతు, మన జొన్నచేని తాత ఒకరినొకరు ఎఱుగరు. అయినను మువ్వురు నేర్చిన నీతి యొక్కటియే.

రొక్కము లేక పిల్లల చదువు, వైద్యము, పెండ్లి ఎట్లు జరుగునని తండ్రులు ప్రశ్నింతురు. న్యాయమైన ప్రశ్నయే. రొక్కపు పైరును మానుడని నేననుట లేదు. భూమి యంతయు నొక్క పైరునకే పందెమొడ్డవలదని మాత్రమే మనవి. సొంత భూమి లేని కౌలు రైతునకును కూలివానికిని ఈ సలహా యెట్లు పనికివచ్చునని మఱికొందఱు అడుగుదురు. వారికి భూమి యిచ్చు శక్తి నా మాటకు లేదు. అయినను కౌలు కాగితము, తక్కువ వడ్డీకి బ్యాంకు అప్పు వారికి దక్కునట్లు చూచుట భూస్వాములయు ప్రభుత్వముయొక్కయు విధి. పంట పోయినను కౌలు మాత్రము పూర్తిగా రాబట్టు పెద్దలు మన పాఠశాల పిల్లల తల్లిదండ్రులలో నున్నచో, వారీ సంగతి మనస్సున నుంచుకొందురుగాక.

ఇందు పాఠశాలకు సంబంధించిన ముఖ్యవిషయ మొకటి కలదు. మిరపకోతల కాలమున నల్లమల యంచు గ్రామములనుండియు, కర్నూలు పడమటి మెట్టలనుండియు కుటుంబములు కుటుంబములే మూటముల్లెలతో గుంటూరు సీమకు దిగివచ్చును. పెద్దలు కాయ కోయుచుండ పిల్లలు చంటిబిడ్డలను ఆడించుచు, లేక తామును కోయుచు నుందురు. వారి పలకలు స్వగ్రామమున మూలబడియుండును. వారి గరిసెలు ఖాళీ యగుటచేతనే వారు వచ్చిరి. మన యింటి మిరపకల్లము చూచి మురియునపుడు, దానిని ఏరిన చిన్న చేతులు ఏ తరగతి చదువవలసినవో తలచుకొనుట మన ధర్మము. కోతకు వచ్చిన పిల్లలను ఆ యూరి బడిలో నాలుగు నెలలైనను కూర్చుండబెట్టుట రైతులకును ఉపాధ్యాయులకును అసాధ్యము కాదు.

విద్యార్థులారా! మీరు చేయదగిన పనులు మూడు. మొదటిది: ఈ వేసవిలో మీ యింటి జమాఖర్చు పుస్తకమును మీరే వ్రాయుడు, ఏమి పండినది, ఏమి కొన్నది, వడ్డీకి ఎంత పోయినదో తేటపడును. రెండవది: మీ తాతగారిని, నాయనమ్మగారిని అడిగి, వారి చిన్ననాట చేనిలో వేసిన పైరుల పేర్లును విత్తు కార్తెలును వ్రాసికొనుడు, ఆ విద్య ఏ పాఠ్యపుస్తకమునను లేదు. మూడవది: పెరటిలో మీ చేతితో నొక కూరపాదు పెట్టుడు. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిఱుధాన్యముల సంవత్సరముగా జరిపినది. మన పూర్వులు తిన్న కొఱ్ఱలను, జొన్నలను ప్రపంచము గౌరవించుచుండగా మనము వానిని బీదవాని కూడని యేవగించుట తగునా?

సంత మనకు సేవకురాలుగా నుండిన మేలు; యజమానురాలైన కీడు. ముందు ఇంటిలో గింజ, పిమ్మట యార్డులో టిక్కీ. ఈ క్రమము తప్పని యిల్లు పురుగు వచ్చినను, ధర పడినను, తలయెత్తి నిలుచును. పెద్దలు దీనిని ఆలోచింతురుగాక. పిన్నలు ఆచరణమున పెట్టుదురుగాక.