ఎండలో తెర

మొన్న నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కాము. మా అల్లుడు ల్యాప్‌టాప్ తెరచి, “దారంతా ఇందులో చూపిస్తాను, మామయ్యగారూ!” అన్నాడు. ఎండలో తొంగి చూద్దును కదా, పటం లేదు. నా బట్టతల కనిపించింది!

మామూలు తెర వెలుగు 250, 300 నిట్లు. ఎండలో చదవాలంటే 1000 దాకా కావాలి. అద్దంలా మెరిసేదానికంటె మెరుపులేని తెర మేలు. రాత్రి కళ్ళు చెదరకుండా ఆ వెలుగు బాగా తగ్గాలి కూడా.

అల్లుడు తువాలు కప్పుకొని పటం వెతుకుతుంటే సరంగు నవ్వాడు. “సారూ, నీళ్ళు దిగితే ఈడ గుట్ట తేలుతది. మీ పటంల ఉన్నదా?”

నిజమే. నాగార్జునకొండ కూడా 1960లలో ఆనకట్ట నీళ్ళు చుట్టుముట్టగా ద్వీపమైన కొండే కదా! మంచి తెర కొనండి, కాదనను. కాని సరంగును ఒక మాట అడిగి మరీ బయలుదేరండి.