ఉపపత్తి లేని గణితం, మననం లేని విద్య

శూన్యం మనదే, దశాంశస్థానపద్ధతి మనదే అని సభావేదికలపై ఉద్ఘోషించడం నేడు ఒక ఆచారమైంది. ఆ మాటలో అసత్యం లేదు. అయితే అలా ఉద్ఘోషించిన పెద్దలే ఇంటికి వెళ్లి, పదవ తరగతి ముగించిన బిడ్డతో "లెక్కలు కష్టం, నీకెందుకమ్మా!" అని హితబోధ చేస్తారు. పూర్వుల కీర్తికి వారసులమని చెప్పుకుంటూ, ఆ కీర్తికి హేతువైన సాధనను సంతానానికి నిరాకరించడం ఆత్మవంచన కాక మరేమిటి?

తెలుగునాట అసంఖ్యాక గృహాలలో అభివాదనవేళ ఆపస్తంబుని పేరు స్మరిస్తారు. ఆయన శుల్బసూత్రంలో ఏమున్నదో తెలిసినవారెందరు? చతురస్రపు కర్ణాన్ని సాధించడానికి అందులో ఒక విధి ఉన్నది. భుజానికి దాని మూడవ వంతును, ఆ మూడవ వంతులో నాలుగవ వంతును చేర్చి, ఈ చివరి భాగంలో ముప్పైనాలుగవ వంతును తీసివేయాలి. భుజం 1 అయితే ఫలం 577/408. రెండు యొక్క వర్గమూలంతో ఇది ఐదు దశాంశస్థానాల వరకు ఏకీభవిస్తుంది. యజ్ఞవేదికను నిర్మించేవానికి రేఖాగణితం అలంకారం కాదు, కర్మాంగం.

ఈ వారసత్వానికి ప్రత్యామ్నాయంగా 'వేదగణితం' పేరిట శీఘ్రగణన చిట్కాలు నేర్పితే చాలుననుకోవడం మరొక భ్రమ. 1965లో ముద్రితమైన ఆ గ్రంథంలోని పదహారు సూత్రాలు లభ్యమైన అథర్వవేదపాఠంలో కానరావు. ఆ మాట అటుంచినా, చిట్కా ఫలాన్ని ఇస్తుందే కాని హేతువును చూపదు. మన గణితసంప్రదాయపు ప్రాణం ఉపపత్తి. 16వ శతాబ్దపు జ్యేష్ఠదేవుడు 'యుక్తిభాష'లో అనంతశ్రేణులను కేవలం చెప్పి ఊరుకోలేదు, వాటికి యుక్తులను విస్తరించాడు.

ఇక మన నగరానికి వద్దాం. ఆదివారం అబిడ్స్ కాలిబాటలపై పాతపుస్తకాల రాశులను పరిశీలించండి. లోనీ త్రికోణమితి వంటి శాస్త్రగ్రంథం ఒకటి దొరికితే, దాని చుట్టూ గైడ్లు, ప్రవేశపరీక్షల ప్రశ్నసంపుటాలు గుట్టలుగా ఉంటాయి. అక్కడికి నడకదూరంలో, నాంపల్లి విద్యాభవన్‌లో ఇంటర్మీడియట్ బోర్డు కొలువై ఉన్నది. కాలిబాటపై కనిపించేది ఆ పరీక్షావ్యవస్థ ప్రతిబింబమే. ఏళ్ల తరబడి ఎంపీసీ మొదటి సంవత్సరపు గణితపత్రంలో గణితానుగమనం ఏడు మార్కుల ప్రశ్న. విద్యార్థి దానిని మంత్రంలా వల్లించి, మార్కులు గడించి, మరచిపోతాడు.

ఆ ప్రశ్న వెనుక ఉన్నది సామాన్యవిషయం కాదు. పలుమార్లు చూచినంత మాత్రాన వ్యాప్తి సిద్ధిస్తుందా అని చార్వాకుడు ఆక్షేపించాడు. గంగేశోపాధ్యాయుడు 'తత్త్వచింతామణి'లో వ్యాప్తిగ్రహాన్ని సుదీర్ఘంగా విచారించాడు. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యను, మరల 41ని కలపండి. 0 నుంచి 39 వరకు ప్రతిసారీ ప్రధానసంఖ్యే వస్తుంది. నలభై నిదర్శనాలు! 40 వద్ద వచ్చే 1681 మాత్రం 41 యొక్క వర్గం. అదే వ్యభిచారం. భూయోదర్శనం ఇక్కడ ఓడిపోతుంది. సంఖ్యల విషయంలో ఈ సంశయాన్ని నిశ్శేషంగా తొలగించే సాధనం గణితానుగమనం. ఈ ఒక్క సంగతి తరగతిలో చెబితే, పదహారేళ్ల బాలిక కూడా తార్కికుల గోష్ఠిలో అడుగుపెట్టినట్లే.

"ఎంపీసీలో జనం కిక్కిరిసి ఉన్నారు కదా, ఇంకా ప్రోత్సాహమెందుకు?" అని పూర్వపక్షం. వారిలో అత్యధికులకు గణితం ఇంజనీరింగు సీటుకు నిచ్చెన. ఎక్కగానే తన్నివేస్తారు. బైపీసీ, హెచ్‌ఈసీ విద్యార్థులకైతే గణితద్వారం పదవ తరగతితోనే మూతపడుతుంది. జీవశాస్త్రానికి, అర్థశాస్త్రానికి నేడు సాంఖ్యకశాస్త్రమే కన్ను. ఆ శాస్త్రంలో జగద్విఖ్యాతుడైన సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవాడే.

"అధికారిభేదం లేదా? అందరికీ ఉన్నతగణితమా?" అని మరొక ఆక్షేపం. అధికారం సాధనతో లభిస్తుంది; పదిహేనేళ్ల వయస్సులో వచ్చిన మార్కులతో కాదు. భాస్కరాచార్యుడు 1150లో 'లీలావతి' ప్రశ్నలను ఒక బాలికను సంబోధిస్తూ అడిగాడు. పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృతగణితాన్ని తెలుగు పద్యాలలోకి అవతరింపజేశాడు. వారు ద్వారాలు తెరచినవారు. మూసే అధికారం మనకు ఎవరిచ్చారు?

కనుక బోర్డు ప్రతి గ్రూపులోనూ ఐచ్ఛికంగా ఒక గణితపత్రాన్ని నెలకొల్పాలి. 'ఎంత?' అన్నదానితో పాటు 'ఎందుకు?' అని అడగాలి. అధ్యాపకులు శ్రవణంతో ఆగక మననానికి వ్యవధి ఇవ్వాలి. తల్లిదండ్రులు, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, భయాన్ని హితవుగా బోధించడం మానాలి. శూన్యాన్ని కనుగొన్న జాతి శూన్యహస్తాలతో నిలబడటం కంటె అపహాస్యం మరొకటి లేదు.