పడక ముందే

తెలుగులో 'పడు' అనే ధాతువు చేసినంత చాకిరీ మరొకటి చెయ్యలేదు. సుఖపడటానికీ అదే కావాలి, కష్టపడటానికీ అదే కావాలి. ఒళ్ళు వాల్చే చోటు పడక. చివరకు నిలబడటంలో కూడా పడటం ఉన్నది! తరగతిలో ఈ ముక్క చెబితే పిల్లలు నవ్వుతారు. డెబ్భై దాటినవారికి చెబితే నవ్వరు. నిలబడటానికీ పడటానికీ మధ్య దూరమెంతో వారికి తెలుసు.

పెద్దవయస్సు జబ్బులేవంటే చక్కెర, రక్తపుపోటు, మోకాళ్ళు, గుండె అని మనవాళ్ళు వరుసగా చెబుతారు. పడిపోవటాన్ని మాత్రం ఆ జాబితాలో చేర్చరు. "కాలు జారింది, గ్రహచారం" అని తేల్చేస్తారు. ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారం పడిపోవటంవల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రమాదాల చావుల్లో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. పోయేవారిలో ఎక్కువమంది అరవై దాటినవారే. ఇంతమందికీ ఒకే గ్రహచారమంటే నమ్మటం కష్టం.

మా ఎలమంచిలి పెద్ద రహదారిమీది ఊరు. రోడ్డు దాటేటప్పుడు తాతగారి చెయ్యి పట్టుకోని మనవడుండడు. ఇంట్లోకి రాగానే ఆ చెయ్యి వదిలేస్తాడు. తాతగారు పడేది సాధారణంగా అక్కడే. ఉక్కు కర్మాగారంలో పనిచేసి, రిటైరై, ఇల్లు కట్టుకున్నవారు మావైపు ఉన్నారు. ఇల్లు అద్దంలా మెరవాలని నున్నటి పలకలు పరిపిస్తారు. స్నానాలగదిలో కూడా అవే! పాత ఇళ్ళలో గరుకు గచ్చు చూడటానికి అందంగా ఉండకపోవచ్చు గాని, తడికాలిని పట్టుకునేది. మేస్త్రీకి ఒకమాట చెప్పి స్నానాలగదిలో గరుకు పలకలు, గోడకొక కమ్మీ పెట్టించుకుంటే అయ్యే ఖర్చు గృహప్రవేశం భోజనాల్లో ఒక పంక్తికి మించదు.

గడప సంగతి వేరే చెప్పాలి. తిరుమలకు గడప కాబట్టే కడప ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. మన గడపలకంత మర్యాద ఉన్నది. తీసెయ్యమని నేననను. కాని వయస్సు మీరాక అడుగు పైకి లేవదు, నేలను రాసుకుంటూ పోతుంది. రాత్రిపూట గడప కనబడక బొటనవేలు తగులుతుంది. దానికి పసుపు పూయటం మన ఆచారమే గదా. ఆ పసుపు కనబడేటట్లు పక్కనొక చిన్న దీపం రాత్రంతా వెలగనివ్వండి. కాళ్ళకడ్డంపడే పంచె అంచు, అరిగిపోయిన రబ్బరు చెప్పులు, మడతపడ్డ పట్టా — ఇవికూడా ముద్దాయిలే.

ఇంటి తప్పులు ఇలా ఉండగా, ఒంటి తప్పులు కొన్ని. పడుకున్నవారు చటుక్కున లేస్తే రక్తపుపోటు దిగి కళ్ళు తిరుగుతాయి. పోటు తగ్గించే మాత్రలు, నిద్రమాత్రలు, మూత్రం ధారాళంగా రావటానికిచ్చే మాత్రలు దీన్ని పెంచవచ్చు. అలాగని సొంతంగా మాత్రలు మానటం మరీ ప్రమాదం. వాడుతున్నవన్నీ ఒక సంచిలో వేసుకుపోయి డాక్టరు ముందు కుమ్మరించండి. పడుకున్నప్పుడొకసారి, నిలబడ్డాక ఒకసారి పోటు చూడమనండి. నిలబడ్డ 3 నిమిషాల్లోగా పై అంకె 20 గాని అంతకుమించి గాని తగ్గితే మందు సంగతి ఆలోచించవలసిందే. చక్కెర వ్యాధిలో అరికాళ్ళు తిమ్మిరెక్కి నేల ఆనిందో లేదో తెలియదు. కంట్లో శుక్లం ముదిరితే మెట్టు తెలియదు. శుక్లం తీయించుకోవటానికి "ఇంకా ముదరనీ" అని ఏళ్ళతరబడి ఆగటంలో అర్థం లేదు.

ఇంతకూ అసలు చిక్కు ఇక్కడున్నది. పెద్దవాళ్ళు పడితే చెప్పరు. చెబితే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. "ఇక మీరు బజారుకు వెళ్ళకండి నాన్నగారూ, కూర్చోండి, అన్నీ మేం చూసుకుంటాం" అంటాడు కొడుకు. ప్రేమతోనే అంటాడు. ఆ కుర్చీలో ఆరునెలలు కూర్చుంటే తొడల్లో కండ కరిగిపోతుంది. తరువాత లేచిన రోజున పడతారు. కాళ్ళకు బలమూ నిలకడా ఇచ్చే వ్యాయామం పడిపోవటాన్ని దాదాపు నాలుగోవంతు తగ్గిస్తుందని పరీక్షించి చూచినవారు తేల్చారు. దానికి గోదా అక్కరలేదు. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవటం, వంటగది గట్టు పట్టుకుని ఒంటికాలిమీద కాసేపు నిలబడటం చాలు. పక్కనొక మనిషి ఉండాలి. కండ నిలవాలంటే తిండిలో పప్పు, గుడ్డు, చేప ఉండాలి. రాత్రిపూట రెండుముద్దల మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటే కుదరదు. ఎముకకు మన చోడి అంబలి ఉండనే ఉన్నది.

ఇన్ని చేసినా పడ్డారనుకోండి. రెక్కపట్టి లేవదీయకండి. కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగినట్లు కనబడితే, అడుగు మోపలేకపోతే, తుంటి ఎముక విరిగిందనే అనుకోవాలి. మర్దనా వద్దు. 108కి చెప్పండి. తలకు దెబ్బ తగిలి, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్న మనిషైతే, పైకి బొప్పికూడా కట్టకపోయినా ఆసుపత్రికి వెళ్ళవలసిందే. లోపల నెమ్మదిగా చేరిన రక్తం కొన్ని వారాల తరువాత మగతగా, మతిమరుపుగా బయటపడవచ్చు.

మా వీధిలో ఒక పెద్దావిడ దొడ్లో పడ్డది. "ఈ వయస్సులో ఆపరేషనేమిటి, తట్టుకోగలదా?" అన్నారు ఇంటిల్లిపాదీ. నాటుకట్టు కట్టించి మంచాన పడుకోబెట్టారు. నెలతిరక్కుండా వీపున పుండ్లు, ఛాతీలో నెమ్ము. ఆవిడను తీసుకుపోయింది విరిగిన ఎముక కాదు, మంచం. మణికట్టు విరిగితే కట్టుతో కొన్నాళ్ళు గడవవచ్చు. తుంటి అలాంటిది కాదు. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషను చేసి, మర్నాడే నిలబెట్టాలని వైద్యులు చూస్తారు. ఎనభై ఏళ్ళన్నది ఆపరేషను మానటానికి కారణం కాదు, త్వరపడటానికి కారణం. విశాఖలో 1923 నుంచీ పనిచేస్తున్న కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్నది. డెబ్భై ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయలదాకా వైద్యమిచ్చే ఏర్పాటు 2024 అక్టోబరులో కేంద్రం ప్రారంభించింది. ఆ కార్డు పడక ముందే తీయించి పెట్టుకోవాలి. ఎముక అతికాక, అది మళ్ళీ విరక్కుండా మందేమైనా కావాలా అని అడగటం చాలామంది మరచిపోతారు.

ఇక చేతికర్ర. "అప్పుడేనా?" అని చాలామందికి నామోషీ. వెనకటికి కరణంగారు కర్ర పట్టుకుంటే దర్జా, మనం పట్టుకుంటే ముసలితనమూనా! చెయ్యి కిందికి వదిలి నిలబడితే కర్ర పిడి మణికట్టు దగ్గరకు రావాలి. కింద రబ్బరు తొడుగు అరగకుండా ఉండాలి. నొప్పి కుడికాలిదైతే కర్ర ఎడమచేతిలో ఉండాలి. నేను చూచినంతలో పదిమందిలో ఏడుగురు నొప్పి ఉన్న వైపే పట్టుకుంటున్నారు.