సొంత ఊరికి చుట్టపుచూపుగా

ఈ ఉగాది సంచిక మీ చేతికి వచ్చేసరికి మన ఇళ్ళల్లో వేసవి సెలవుల చర్చ మొదలై ఉంటుంది. "ఈ ఏడు ఇండియా వెళ్తున్నారా?" అన్న ప్రశ్నని పాట్‌లక్కుల్లో పులిహోర కంటే ముందే వడ్డిస్తారు. వెళ్ళేవాళ్ళు టిక్కెట్ల ధరలు చెప్పి నిట్టూరుస్తారు. వెళ్ళనివాళ్ళలో కొందరు ఎల్లోస్టోన్ అనో, ఓర్లాండో అనో అంటారు. ఇవేవీ లేనివాళ్ళు మాత్రం కాస్త గొంతు తగ్గించి, "మేం ఎక్కడికీ వెళ్ళటం లేదండీ, ఇంటిపట్టునే" అంటారు. ఇంటిపట్టున గడిపే సెలవులకి ఈ దేశంవాళ్ళు 'స్టేకేషన్' అని ముద్దుపేరు పెట్టుకున్నారు గాని, మనవాళ్ళకి అదింకా నామోషీగానే ఉన్నట్టుంది.

నామోషీ ఏమీ లేదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు. షికాగో చుట్టుపక్కల కాపురం ఉంటూ, సెలవు పెట్టుకుని మరీ షికాగో చూడటం మంచి పని. పిల్లలకి ఒక ఊరు తమదనిపించాలంటే ఆ ఊరి కథలు ఎవరో ఒకరు చెప్పాలి. మన చిన్నప్పుడు ఆ పని తాతలూ అమ్మమ్మలూ చేశారు. ఊరి చెరువు ఎవరు తవ్వించారో, ఆ మర్రిచెట్టు కింద ఏ ఏడు పిడుగు పడిందో, ఫలానా వీధికి ఆ పేరెందుకొచ్చిందో వాళ్ళు చెబితేనే మనకి తెలిసింది. ఇక్కడ పుట్టిన పిల్లలకి ఈ ఊరి సంగతులు చెప్పే తాతలు లేరు. కాబట్టి ఆ బాధ్యత మనదే. చెప్పాలంటే ముందు మనం చూడాలి కదా!

చూడటం లేదని కాదు. చుట్టాలు వస్తే చూస్తాం. అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి, వాళ్ళకి నిద్ర వేళలు కుదుటపడగానే కారెక్కించి, సియర్స్ టవరు (2009లో విల్లిస్ టవరని పేరు మార్చినా మన నోట పాత పేరే), నేవీ పియర్, మిలీనియం పార్కులో 'బీన్' చూపిస్తాం. డెవాన్ ఎవెన్యూలో సరుకులు కొంటాం. ఒక ఆదివారం అరోరా వేంకటేశ్వరస్వామిని, మరో ఆదివారం లెమాంట్ రాములవారిని దర్శనం చేయిస్తాం. ఫోటోలు తీస్తాం. చుట్టాలు విమానం ఎక్కగానే ఊరికి తాళం వేసేస్తాం, మళ్ళీ చుట్టాలు వచ్చేదాకా. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మనలాంటివాళ్ళని చూసే పుట్టి ఉంటుంది. పారిస్‌లో మ్యూజియం ముందు రెండు గంటలు వరసలో నిలబడే ఓపిక ఉన్నవాళ్ళకి, నేపర్‌విల్‌లో రైలెక్కి డౌన్‌టౌన్‌లో దిగే ఓపిక లేకపోవడం విచిత్రమే.

కథలు చెప్పాలన్నాను. ఒకటి చెబుతాను. మా నాన్నగారు ఇక్కడికి వచ్చిన వేసవిలో ఒక సాయంత్రం గ్రాంట్ పార్కు దాటి సరస్సు గట్టున కూచున్నాం. ఆయన రిటైరైన బడిపంతులు. టవర్లని చూసి పెద్దగా ఆశ్చర్యపోలేదు. వెనక పార్కునీ, ముందు నీళ్ళనీ కాసేపు చూసి, "ఇంత ఖరీదైన చోట ఇంత జాగా ఖాళీగా ఎట్లా మిగిలిందమ్మా? ఎవరో అడ్డం పడి ఉంటారు" అన్నారు. సరిగ్గా అదే జరిగింది. 1836 నాటి పటంలో ఆ సరస్సు ఒడ్డున ఎప్పటికీ ఏ కట్టడాలూ లేకుండా అందరికీ వదిలిపెట్టాలని రాసి ఉంది. ఊరు పెరిగాక దాన్ని పట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. క్యాటలాగు వ్యాపారంతో పేరు పడ్డ మాంట్‌గొమరీ వార్డ్ ఆ పాత మాట పట్టుకుని 1890లో కోర్టుకెక్కాడు. ఇరవై ఏళ్ళపాటు వ్యాజ్యాలు నడిపాడు. ఊరి పెద్దలు చాలామంది ఆయన్ని తిట్టుకున్నారు. అయినా చివరికి గెలిచాడు. అందుకే ఇవాళ మనం అక్కడ దుప్పటి పరుచుకుని పెరుగన్నం తినగలుగుతున్నాం.

ఇది విని నాన్నగారు, "మన ఊరి చెరువుకి కూడా ఇట్లాంటివాడు ఒక్కడుంటే ఎంత బాగుండేది" అన్నారు. ఆ చెరువులో ఇప్పుడు ఇళ్ళున్నాయి. ఆయన ఊరు వెళ్ళాక నలుగురికీ చెప్పిన షికాగో కబురు నూటపది అంతస్తులది కాదు, ఈ ఖాళీ స్థలానిది.

ఇట్లాంటివి ఈ ఊళ్ళో అడుగడుగునా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి మనతో చుట్టరికం కూడా ఉంది. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ముందు కంచు సింహాల పక్కన ఫోటో దిగని తెలుగు కుటుంబం అరుదు. 1893 సెప్టెంబరు 11న వివేకానందస్వామి మాట్లాడింది ఆ భవనంలోనే. ప్రపంచ ప్రదర్శన సందర్భంగా అప్పుడే కొత్తగా కట్టారు దాన్ని. ఇప్పుడు ముందున్న మిషిగన్ ఎవెన్యూ భాగానికి గౌరవసూచకంగా ఆయన పేరు పెట్టారు. ఇంతవరకూ చాలామందికి తెలుసు. అయితే పిల్లలకి ఇంకో ముక్క కూడా కలిపి చెప్పండి. అదే ఏడు ఫిబ్రవరి 13న, ఆయన సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో తన పడమటి దేశాల ప్రయాణం ఎందుకో వివరిస్తూ మాట్లాడారు. అంటే మన సికింద్రాబాదు వేదిక దిగిన ఏడు నెలలకి ఈ షికాగో వేదిక ఎక్కారన్నమాట. తాతగారి ఊరినీ తమ ఊరినీ కలిపే దారి ఇంత స్పష్టంగా కనబడితే ఏ పిల్లవాడికి గుర్తుండదు?

సియర్స్ టవరుకే రండి. చుట్టాలకి నూటమూడో అంతస్తు నించి కిందికి చూపిస్తాం. ఈసారి కింద నిలబడి పైకి చూపించండి. తొమ్మిది చతురస్రపు గొట్టాలని కట్టలా కట్టి, గాలికి తట్టుకునేలా దాన్ని నిలబెట్టిన ఇంజనీరు ఫజ్లుర్ రహమాన్ ఖాన్, 1929లో ఢాకాలో పుట్టినవాడు. చదువుకోవడానికి ఇల్లినాయిస్ వచ్చాడు. మనలో ఎంతమంది వచ్చింది అట్లా కాదు? అడ్డంగా ఇంటూ గుర్తుల్లా ఉక్కు పట్టీలు కనబడే హాంకాక్ భవనం కూడా ఆయన పనితనమే. ఇక చుట్టాలంతా మొహం చూసుకునే ఆ 'బీన్' చేసిన అనీష్ కపూర్ ముంబయిలో పుట్టాడు.

పిల్లలకి నది కథ మరీ నచ్చుతుంది. ఏటికి ఎదురీదడం అంటాం గాని, ఈ ఊరివాళ్ళు ఏటినే ఎదురు తిప్పారు. ఊరి మురికంతా నదిలో పడి, నది వెళ్ళి తాగే నీళ్ళ సరస్సులో కలుస్తుంటే, ఇరవై ఎనిమిది మైళ్ళ కాలువ తవ్వి 1900లో ప్రవాహాన్ని వెనక్కి మళ్ళించారు. ఇక్కడి పీడ వదిలింది గాని, ఆ మురికి తమ నీళ్ళలోకి వస్తోందని మిస్సోరీ రాష్ట్రం వెంటనే కోర్టుకెళ్ళింది. కృష్ణా నీళ్ళ తగాదాల మధ్య పెరిగిన మనకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు!

"బాగానే ఉంది, కానీ పార్కింగుకే బోలెడవుతుంది" అంటారా? అసలు కారు ఇంట్లో వదలండి. మెట్రా రైల్లో వెళ్ళి, అక్కడ 'ఎల్' ఎక్కి కిటికీ పక్కన కూచోండి. 1897 నించీ డౌన్‌టౌన్ చుట్టూ గాలిలో తిరుగుతున్న ఆ లూపు మీద బ్రౌన్ లైను ఒక చుట్టు తిరిగేసరికి ఊరు సగం అర్థమవుతుంది. రోజుకి ఒక్క చోటు చాలు. మధ్యాహ్నానికి పులిహోర మూట కట్టుకోండి. లింకన్ పార్కు జూకి ఏడాది పొడవునా టిక్కెట్టు లేదు. 1897లో గ్రంథాలయంగా కట్టిన కల్చరల్ సెంటరులో, టిఫానీ రంగుటద్దాల గుమ్మటం కింద ఎంతసేపు నిలబడ్డా ఎవరూ పైసా అడగరు. పార్కు స్థలాల్లో ఉన్న పెద్ద మ్యూజియాలు ఏడాదికి 52 రోజులు ఇల్లినాయిస్‌లో ఉండేవాళ్ళని ఉచితంగా రానివ్వాలని చట్టమే ఉంది. పై ఊళ్ళ యాత్రికులకి లేని హక్కు అది. పన్నులు కడుతున్నాం, వాడుకోవద్దూ?

ఇంకో మాట కూడా వినబడుతుంది, అది కాస్త కష్టమైన మాట. "సౌత్ సైడా? అమ్మో, పిల్లలతోనా!" అంటారు. జాగ్రత్త ఉండాల్సిందే. పగటిపూట, తెలిసిన చోటికి, నలుగురు కలిసి వెళ్ళాలి. కానీ ఊరిలో అంత పెద్ద భాగాన్ని టీవీ వార్తల్లోనే చూసి కొట్టిపారేయడం మనకి తగదు. మనకంటే ముందు సొంత ఊళ్ళు వదిలి, భోజనం మూటలు కట్టుకుని, రైళ్ళలో ఇక్కడికి వచ్చిన నల్లజాతి కుటుంబాల ఊరు అది. పుల్‌మన్‌కి వెళ్ళండి, ఇప్పుడది జాతీయ చారిత్రక ఉద్యానవనం. రైలు పెట్టెల్లో పక్కలు పరిచిన పోర్టర్లు 1925లో సంఘం పెట్టుకుని, పన్నెండేళ్ళు పోరాడి, 1937లో కంపెనీతో ఒప్పందం చేయించుకున్న కథ అక్కడ తెలుస్తుంది. మార్కెట్ పార్కుకి వెళ్ళండి. నచ్చిన పేటలో ఇల్లు తీసుకునే హక్కు అందరికీ ఉండాలని 1966 ఆగస్టులో ఊరేగింపుగా నడిచిన మార్టిన్ లూథర్ కింగ్‌ని అక్కడే రాయితో కొట్టారు. ఆయన హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్‌లో, ఇళ్ళ విషయంలో వివక్ష చూపరాదన్న చట్టం వచ్చింది. మనం ఏ సబర్బులో కావాలంటే ఆ సబర్బులో, మంచి బడి చూసుకుని ఇల్లు కొనుక్కుంటున్నాం. ఆ ఇంటికి బ్యాంకు అప్పు నెలనెలా తీరుస్తాం. ఈ అప్పు సంగతి కూడా పిల్లలకి తెలియాలి.

అక్కడికి దగ్గర్లోనే హైడ్ పార్కు. ఆ యూనివర్సిటీలో 1960ల నించి 1993లో కన్నుమూసేదాకా ఎ.కె. రామానుజన్ పాఠాలు చెప్పారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లతో కలిసి ఆయన ఇంగ్లీషు చేసిన క్షేత్రయ్య పదాలు 1994లో పుస్తకంగా వచ్చాయి. మువ్వగోపాలుడు మనకంటే ముందే ఈ వీధుల్లో తిరిగాడన్నమాట.

ఇదంతా చెప్పి ఇండియా వెళ్ళొద్దంటున్నానని అనుకోకండి. వెళ్ళాలి. నాయనమ్మ చేతిముద్ద తినాలి. అయితే ఈ రోజుల్లో మనలో వెళ్ళలేనివాళ్ళూ చాలామంది ఉన్నారు. వెళ్తే స్టాంపింగు కుదురుతుందో లేదో, తిరిగి రాగలమో లేదోనని ఏళ్ళ తరబడి కదలలేని కుటుంబాలు. పాట్‌లక్కులో గొంతు తగ్గించేది ఎక్కువగా వాళ్ళే. "ఎన్నాళ్ళుంటామో తెలియని ఊరు, తెలుసుకుని ఏం లాభం?" అని ఒక చెల్లెలు నాతో అంది. నా జవాబు ఇది. మన కాగితాలు ఆగినా పిల్లల బాల్యం ఆగదు. ఆరేళ్ళప్పుడు వచ్చిన పాపకి పదహారు నిండుతాయి. రేపు ఎక్కడ స్థిరపడినా, "నువ్వు పెరిగిన ఊరేది?" అని ఎవరైనా అడిగితే ఆ పిల్ల చెప్పేది ఈ ఊరి పేరే. చెప్పడానికి ఆ పేరు వెనక నాలుగు కథలు ఉండాలా, ఒక మాలూ రెండు పార్కింగు లాట్లూ ఉండాలా అన్నది మన చేతిలో ఉంది.

మన సంఘం పెద్దలకి ఒక చిన్న విన్నపం. పిక్నిక్కుకి ఎటూ ఒక ఆదివారం కేటాయిస్తున్నాం. జూన్, జులై, ఆగస్టుల్లో ఇంకొక్కొక్క ఆదివారం 'ఊరు చూద్దాం' అని పెట్టండి. అందరం రైల్లోనే వెళ్దాం. ఇండియా నించి వచ్చిన పెద్దవాళ్ళనీ పిలుద్దాం. ముందుగా ఒక్కో చోటు గురించి ఒక్కో పిల్లవాడికి అప్పగిస్తే, అక్కడ నిలబడి వచ్చీరాని తెలుగులోనైనా వాళ్ళే కథ చెబుతారు. తాతలు వింటారు. తెలుగు ఎలా నేర్పాలన్న మన పాత చింతకి కూడా ఇందులో కొంత మందు దొరుకుతుంది. వేపపువ్వుకి బదులు కాకరకాయ ముక్కతో ఉగాది పచ్చడి చేసుకుని తృప్తి పడుతున్నవాళ్ళం, ఉన్న ఊళ్ళో ఉన్నదాంతో పండగ చేసుకోవడం మనకి కొత్త కాదు.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. వేసవిలో రైల్లో కలుద్దాం.