వెనక గదికి ఇంకో ఫోను

హాల్లో ఫోను మోగుతుంది. వెనక గదిలో పడుకున్న అమ్మ లేచి, గోడ పట్టుకుని, వంటింటి గడప దాటి వచ్చేసరికి మోత ఆగిపోతుంది. చేసిందెవరో తెలియక కాసేపు అక్కడే నిలబడేది. రెండేళ్లు ఇదే తంతు. 2004లో ఓ మధ్యాహ్నం ఆ గడపకే కాలు తగిలి పడింది. ఎముక విరగలేదుగానీ నెలరోజులు నడుముకి బెల్టు. వెనక గదికి రెండో జాక్ పెట్టించాలన్న బుద్ధి నాకు అప్పుడు పుట్టింది!

తీరా చూస్తే అది గంట పని. ల్యాండ్‌లైన్‌కి కావలసినవి రెండే తీగలు. గోడకున్న చిన్న తెల్లడబ్బా మూత విప్పితే రెండు స్క్రూల కింద అవి కనిపిస్తాయి. ఆ స్క్రూల కిందే కొత్త వైరు కొసలు కూడా బిగించి, గోడవారగా వెనక గదికి లాగి, అక్కడి డబ్బాలో అలాగే బిగించాలి. ప్యారలల్ ఫోను అంటే ఇంతే. ‘మోగుతున్నప్పుడు మాత్రం తీగ ముట్టుకోకండి సార్’ అన్నాడు లైన్‌మన్. మామూలుగా ఆ తీగల్లో ఉండేది 48 వోల్టులే. మోగేటప్పుడు 75 దాకా వస్తుంది, అదీ ఏసీ. చెయ్యి జిల్లుమంటుంది. వైరుకి మధ్యలో అతుకులు పెట్టొద్దనీ, కరెంటు వైర్ల పక్కన లాగొద్దనీ కూడా చెప్పాడు. అతుకు పెడితే వానాకాలంలో చెమ్మ చేరి గరగర, కరెంటు వైరు పక్కనుంటే బుయ్యిమని రొద.

ఇక ఒక ఫోను రిసీవరు సరిగ్గా పెట్టకపోతే రెండోదీ పనిచేయదు, చేసినవాళ్లకి ఎంగేజ్ వస్తుంది. రహస్యాలా, వాటి సంగతి మరిచిపోవడమే. అక్క వాళ్ల అత్తగారి ముచ్చట్లు మొదలుపెట్టగానే హాల్లో ‘టక్’మనేది. తర్వాత ఆ తీగల మీదే బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక వెనక ఫోనుకి కూడా ఫిల్టరు తగిలించాల్సి వచ్చింది. అది లేనన్నాళ్లూ ఫోన్లో బుస, నెట్‌లో నత్తనడక.

2022లో రాగితీగ తీసేసి ఫైబర్ ఇచ్చారు. నంబరు అదే. ఫోను మాత్రం టీవీ పక్కన పెట్టిన కొత్త పెట్టెకి తగిలించారు. వెనక గది జాక్ మూగబోయింది. సెల్ ఇద్దామంటే అమ్మకి ఆ అద్దం మీద అంకెలు ఆనవు, ఛార్జింగ్ గుర్తుండదు. మళ్లీ గోడలు తవ్వాలేమో అనుకున్నాను. అక్కర్లేదట. వీధిలోంచి వచ్చే పాత తీగని హాలు డబ్బాలోంచి పూర్తిగా విడదీసి, కొత్త పెట్టెలో ఫోను పెట్టే రంధ్రం నుంచి ఆ డబ్బాకి చిన్న వైరు కలిపితే చాలు, ఇంట్లో పాత వైరింగే పనికొస్తుంది. బయటి తీగని విడదీయడం మాత్రం మరవకూడదు. అది ఇంకా ఎక్స్ఛేంజికి తగిలి ఉంటే పెట్టె పాడవుతుంది.

అంతా అయ్యాక ఒక రాత్రి కరెంటు పోయింది. ఫోనెత్తితే చీమ చిటుక్కుమన్న శబ్దం లేదు. పాత ఫోనుకి కరెంటు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి తీగ వెంటే వచ్చేది, ఊరంతా చీకటైనా మోగేది. ఫైబరు అంటే గాజు పోగు, వెలుగును మోస్తుందేగానీ కరెంటును మోయదు. మనింటి పెట్టె ఆగితే ఫోనూ ఆగినట్టే. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. పెట్టె బిగించినవాళ్లు ఆ ముక్క చెప్పనే లేదు.

మర్నాడే పెట్టెకి చిన్న యూపీఎస్ తెచ్చి పెట్టాను. మెయిన్ ఆపి, వీధి అరుగు మీద కూర్చుని సెల్ నుంచి ఇంటికి చేశాను. రెండో మోతకే అమ్మ ఎత్తింది.

‘ఒరే, ఇక్కడ కరెంటు పోయింది. నువ్వెక్కడున్నావురా?’