పాట చేర్చే హక్కు అందరిదీ, పాట ఆపే హక్కు ఎవరిది?

ఈసారి కూడా పొడుగు పోస్టే. ఓపిక ఉన్నవాళ్లు టీ గ్లాసు పక్కన పెట్టుకుని చదవండి. లేనివాళ్లు చివర్లో ఉన్న అయిదు పాయింట్లు చూసి అభిప్రాయం రాయండి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక ప్రతిపాదన వస్తోంది. మన హాల్లో ఉన్న పాటల కంప్యూటరు తీసేసి, ఒక బ్లూటూత్ స్పీకరు కొని, నెలనెలా చందా కట్టే పాటల యాప్ పెట్టుకుందాం అని. "ఆ నల్ల స్క్రీను మీద ఇంగ్లీషులో కమాండ్లు కొట్టడం ఎవరికి వస్తుంది? మూడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందికే కదా" అని వాదన. వాదనలో నిజం ఉంది. కానీ దానికి మందు కంప్యూటరు తీసేయడం కాదు అని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

ముందు ఆ పెట్టెలో ఏముందో తెలియనివాళ్ల కోసం. అది పాత డెస్క్‌టాప్. అందులో లినక్స్ మీద ఎంపీడీ అనే ప్రోగ్రాం నడుస్తోంది. మ్యూజిక్ ప్లేయర్ డీమన్ అని దాని పూర్తి పేరు. డీమన్ అంటే దయ్యం కాదు, తెర వెనక ఊరికే పని చేసుకుపోయే ప్రోగ్రాంను కంప్యూటరు వాళ్లు అలా అంటారు. వారెన్ డ్యూక్స్ అనే ఆయన మొదలుపెట్టాడు, తరువాత మాక్స్ కెలర్‌మన్ అనే ఆయన చూసుకుంటున్నాడు. ఉచితం. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో చూడవచ్చు. పాటలు మన హార్డ్ డిస్కులో ఉంటాయి. ఆంప్లిఫయర్‌కు తీగ ఆ పెట్టె నుంచే వెళ్తుంది.

దానికి ఆజ్ఞలిచ్చే చిన్న ప్రోగ్రాం పేరు ఎంపీసీ. ఇంటర్మీడియట్‌లో పిల్లలు తీసుకునే ఎంపీసీ కాదు! హాలు వైఫైలో ఉన్న ఎవరైనా తన ల్యాప్‌టాప్ నుంచో ఫోన్ నుంచో "ఎంపీసీ యాడ్" అని పాట పేరు ఇస్తే అది వరుసలో చివరకు చేరుతుంది. "ఎంపీసీ ప్లేలిస్ట్" అంటే వరుస మొత్తం కనబడుతుంది. "నెక్స్ట్" అంటే ఇప్పటి పాట పోయి తరువాతిది వస్తుంది. "వాల్యూమ్ 60" అంటే అరవైకి వస్తుంది. ఇంతే. పది మాటలు వస్తే పెట్టె మొత్తం చేతిలో ఉన్నట్టే. రిజర్వేషన్ కౌంటర్లో టెర్మినల్ ముందు కూర్చుని, మౌసు అనే మాట వినకముందే కీలతో టికెట్లు కొట్టినవాళ్లకు ఇది పెద్ద విద్య కాదు. తమిళ మీడియంలో చదివి, తెలుగు అక్షరాలు సినిమా పోస్టర్లు చూసి నేర్చుకున్నవాణ్ణి నేను. నాకు వచ్చింది అంటే ఎవరికైనా వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. మన గొడవ యంత్రం గురించి కాదు. ఉమ్మడి వస్తువు ఎవరి చేతిలో ఉండాలి అన్నది గొడవ.

డబ్బు వేస్తే పాడే పెట్టె మొదట 1889లో అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒక మద్యశాలలో పెట్టారు. ఆ తరవాత వచ్చిన జ్యూక్‌బాక్సులన్నిటిలో న్యాయం ఒకటే. నాణెం వేశావా, నీ పాట వరుసలో ఉంటుంది. నీ ముందువాడి పాట అయ్యాక నీది. బలమున్నవాడిది ముందు, పెద్ద గొంతువాడిది ముందు అని లేదు. బ్లూటూత్ స్పీకరుకు ఈ న్యాయం లేదు. ఎవరి ఫోన్ కలిసిందో వాడే రాజు. వాడికి ఫోన్ వస్తే పాట ఆగుతుంది, వాడు ఇంటికి వెళ్తే హాలు మూగబోతుంది. చందా యాప్ అయినా అంతే, ఎవరి పేరున ఖాతా ఉందో తాళంచెవి వాళ్ల దగ్గర. మన సంఘంలో గని కార్మికులుగా రిటైరై, మామూలు బటన్ ఫోన్ వాడే పెద్దలు ఉన్నారు. వాళ్లు ఎవరిని బతిమాలి పాట పెట్టించుకోవాలి?

కిందటి బతుకమ్మ నాడు ఏమైందో ఆడవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. మన అక్కలు ఎప్పుడో క్యాసెట్లో పాడి పెట్టిన పాట నడుస్తుండగా ఎవరో "నెక్స్ట్" కొట్టారు. ఆ పాడినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. వాళ్ల గొంతు మధ్యలో తెగి సినిమా పాట వచ్చింది. ఎవరు కొట్టారో తెలియలేదు. తెలుసుకోవాలని నేను ఈ పోస్టు రాయడం లేదు. కానీ ఆ రోజు కొందరు వలయం వదిలి పక్కకు వచ్చి కూర్చున్నారు. అది మాత్రం మనం మర్చిపోకూడదు.

దానికి కారణం కమాండ్ లైన్ కాదు. తాళాలు అందరికీ ఒకేలా ఇవ్వడం. ఎంపీడీలో అనుమతులు విడివిడిగా ఉంటాయి. చూడడానికి "రీడ్", పాట చేర్చడానికి "యాడ్", ఆపడం, దాటించడం, సౌండు మార్చడం లాంటివాటికి "కంట్రోల్", పెట్టెనే ఆపేయడానికి "అడ్మిన్". సెట్టింగుల ఫైలులో పాస్‌వర్డు లేనివాళ్లకు రీడ్, యాడ్ మాత్రం ఇచ్చి, మిగతావి పాస్‌వర్డు ఉన్నవాళ్లకే ఇవ్వవచ్చు. రెండు లైన్ల పని. మనం ఇన్నాళ్లు అది చేయలేదు, అందరికీ అన్నీ తెరిచి పెట్టాం.

స్టేషన్లో ఎవరైనా క్యూలో నిలబడవచ్చు, ఫారం ఇవ్వవచ్చు. కానీ ఇంకొకరి టికెట్ క్యాన్సిల్ చేయడానికి కౌంటర్ లోపలికి ఎవరినీ రానివ్వం. ఒక ఫారానికి ఆరుగురు, ఒక మనిషికి ఒకసారి ఒక ఫారం. ఆ నియమం మీద జనం విసుక్కుంటారు, కానీ ఆ నియమమే లేకపోతే వెనక నిలబడ్డ ముసలాయనకు సాయంత్రం దాకా కౌంటర్ దొరకదు. పాటల వరుసకు కూడా ఇదే కావాలి. ఎంపీసీలో వెతికిన ఫలితాన్ని నేరుగా యాడ్‌కు పంపించే వీలు ఉంది. చిన్న మాటతో వెతికితే రెండు వందల పాటలు ఒక్క దెబ్బకు వరుసలో పడతాయి. తరువాత వచ్చినవాడి పాట రేపు ఉదయం వస్తుంది! వరుసలో గరిష్ఠంగా ఎన్ని పాటలు ఉండవచ్చో సెట్టింగుల్లో పెట్టవచ్చు. మామూలుగా అది 16384 ఉంటుంది. మనకు నలభై చాలు. మనిషికి మూడు పాటలు అన్నది మాత్రం యంత్రం చూసుకోదు, మన కట్టుబాటుతోనే జరగాలి. వరుస మధ్యలో దూర్చే "ఇన్సర్ట్" కూడా అంతే. దాన్ని అత్యవసర ప్రకటనలకు తప్ప వాడకూడదని మనమే అనుకోవాలి.

ఇంకో మాట. ఎంపీడీకి పాస్‌వర్డు తెలుసు, మనిషి తెలియదు. కంట్రోల్ పాస్‌వర్డు పదిమందికి చెప్తే ఎవరికీ బాధ్యత లేనట్టే. రైల్వేలో డ్యూటీ మారినప్పుడు చార్జి అప్పగించి సంతకం పెట్టేవాళ్లం. ఇక్కడ కూడా ఏ కార్యక్రమానికి ఆ కార్యక్రమానికి ఒకరు డ్యూటీలో ఉండాలి. పాస్‌వర్డు ఆ రోజు వాళ్లది. పుస్తకంలో పేరు రాయాలి. మర్నాడు పాస్‌వర్డు మార్చాలి. డ్యూటీలో ఉన్నవాడు కూడా నచ్చలేదని ఎవరి పాటా దాటించకూడదు.

సౌండు గొడవ గురించి. మన గొడవల్లో సగం నిజానికి సౌండు గొడవలు. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించిన పాటలు నెమ్మదిగా వినిపిస్తాయి, కొత్త సినిమా పాటలు చెవులు పగిలేలా రికార్డు చేసి ఉంటాయి. ఘంటసాల, సుశీల పాట కోసం ఒకరు సౌండు పెంచుతారు, తరువాత వచ్చే పాటకు పక్క వీధి లేస్తుంది. అప్పుడు కుర్రవాళ్ల పాటలు గోల అని పెద్దలు, పెద్దలకు మా పాటలు పడవని కుర్రవాళ్లు. తప్పు ఇద్దరిదీ కాదు. రీప్లేగెయిన్ అని ఒక ఏర్పాటు ఉంది. ప్రతి పాట ఎంత గట్టిగా ఉందో ముందే కొలిచి ఫైలులో రాసిపెడితే, ఎంపీడీ అన్నిటినీ దాదాపు ఒకే మట్టంలో వినిపిస్తుంది. ఒకసారి కొలిపిస్తే చాలు.

రాత్రి పది తరువాత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు కూడదు. తలుపులు మూసిన హాల్లో లోపలివాళ్లకు వినిపించడానికి వీలుంది, కానీ మన హార్న్‌లు ఆవరణలో ఉన్నాయి. పండగ రోజుల్లో కొన్నిటికి ప్రభుత్వం అర్ధరాత్రి దాకా అనుమతి ఇవ్వవచ్చు, ఏడాదికి 15 రోజులు మించకుండా. మిగతా రోజుల్లో "ఆపండి" అని ఎవరో ఒకరు చెడ్డవాళ్లు కావలసి వస్తోంది. క్రాన్ అనే ఏర్పాటులో "రాత్రి పదికి ఎంపీసీ స్టాప్" అని ఒక లైను రాసిపెడితే, గడియారమే ఆపుతుంది. ఎవరికీ ఎవరి మీదా కోపం ఉండదు. కమాండ్ లైన్ లాభం ఇదే. మనిషి కొట్టగలిగిన మాటను గడియారం కూడా కొట్టగలదు.

వెతకడం కష్టం అన్న ఫిర్యాదు నిజం. కానీ అది మనం పేర్లు రాసిన తీరు వల్ల. మన ఊరు భద్రావతి, స్టేషను భాందక్. భద్రావతి అని వెతికితే కర్ణాటకలో శివమొగ్గ పక్కనున్న భద్రావతి స్టేషను వస్తుంది. పాటలకు కూడా ఇదే గతి. "గీత" అని రాయడానికి తెలుగువాళ్లు, తమిళంలో చదివిన నా బోటివాళ్లు ఇంగ్లీషులో టి పక్కన హెచ్ పెడతాం. ఇక్కడ మరాఠీ మీడియంలో చదివిన మన పిల్లలు హెచ్ పెట్టరు. అమ్మ ఎక్కించిన పాట కూతురికి దొరకదు! ఎంపీడీకి తెలుగు అక్షరాలు బాగానే తెలుసు. పాట పేరు తెలుగులోనే రాసి, ఇంగ్లీషు స్పెల్లింగ్ మాత్రం అందరికీ ఒకటే పద్ధతి పెట్టుకుంటే సగం కష్టం పోతుంది. సెలవుల్లో పిల్లలకు ఈ పని అప్పగిస్తే వాళ్లకు తెలుగు రాయడం కూడా వస్తుంది. మరాఠీ స్కూల్లో చదివే పిల్లలకు తెలుగు ఎలా నేర్పాలని ప్రతి సమావేశంలో మాట్లాడుకుంటున్నాం కదా, ఇంతకంటే మంచి అభ్యాసం ఏముంది?

ఇక కోశాధికారి గారి ప్రశ్న: "ఇది పెట్టినవాళ్లు బదిలీ అయి వెళ్లిపోతే ఎవరు చూస్తారు?" ఈ ప్రశ్న సరైనది. గనులు, ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, రైల్వే, మన ఊళ్లో తెలుగువాళ్లందరం బదిలీల మనుషులమే. జవాబు ఏమిటంటే, తెలిసినవాళ్లను పెంచాలి. పది కమాండ్లు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటిద్దాం. అసలు కమాండ్లే వద్దనుకునేవాళ్లకు ఫోన్‌లో ఎం.ఎ.ఎల్.పి. లాంటి ఉచిత యాప్‌లు ఉన్నాయి. అవి కూడా ఇదే పెట్టెతో మాట్లాడతాయి. ఒకరు టైపు చేయవచ్చు, ఒకరు వేలితో నొక్కవచ్చు, ఇద్దరి పాటా ఒకే వరుసలో చేరుతుంది. ఇంటర్నెట్ పోయినా హాలు వైఫై ఉంటే చాలు. ఎండాకాలం కరెంటు పోయి వచ్చినా, స్టేట్ ఫైలు పెట్టి ఉంటే వరుస ఎక్కడ ఆగిందో అక్కడే దొరుకుతుంది.

కొత్త పాటలు యాప్‌లో ముందు వస్తాయి, అది ఒప్పుకుంటాను. కావలసినవాళ్లు తమ ఫోన్‌లో చందా కట్టుకోవచ్చు. కానీ మన అక్కలు పాడిన పాటలు ఏ యాప్‌లోనూ దొరకవు. ఆ పెట్టె తీసి మూలన పడేస్తే, డిస్కు ఒక రోజు చెడిపోతుంది. అప్పుడు చందా కట్టి కూడా తెచ్చుకోలేం. నాకు దిగులు ఇదే.

అందుకని నా ప్రతిపాదనలు:

1. పాటల కంప్యూటరు ఉంచాలి. పాటలన్నీ మరో రెండు హార్డ్ డిస్కులకు ఎక్కించి, ఒకటి హాల్లో, ఒకటి ఇంకొక సభ్యుడి ఇంట్లో పెట్టాలి.

2. చూడడం, పాట చేర్చడం అందరికీ. ఆపడం, దాటించడం, సౌండు డ్యూటీలో ఉన్నవారికి మాత్రమే. పుస్తకంలో సంతకం.

3. మనిషికి ఒకసారి మూడు పాటలు. ఫోన్ లేనివాళ్లు చీటీ రాసిస్తే డ్యూటీ మనిషి వరుసలో చేర్చాలి. చీటీకి, ఫోన్‌కు ఒకే మర్యాద.

4. రాత్రి పదికి గడియారం ఆపుతుంది. అనుమతి ఉన్న రోజుల్లో కమిటీ ముందే సమయం మార్చాలి.

5. నెలకో ఆదివారం గంటసేపు తరగతి. మొదటి తరగతి ఆడవాళ్లకు. ఇన్నాళ్లు ఆ పెట్టె ముందు కూర్చున్నది మగవాళ్లమే. బతుకమ్మ నాడు డ్యూటీ ఆడవాళ్లకే ఇవ్వాలి.

వ్యతిరేకించేవాళ్లు కింద తప్పక రాయండి, ఒక్కొక్కరికీ జవాబిస్తాను. ఓటు వేసే ముందు మాత్రం ఒక ఆదివారం హాలుకు వచ్చి, మీ చేత్తో ఒక పాట వరుసలో చేర్చి చూడండి. సాయంత్రం అయిదు నుంచి నేను అక్కడే ఉంటాను.